పౌనఃపున్య విజయము: ఏకాశ్వాస ప్రబంధం

ఏ అంకె కుడిపక్కన నిలిస్తే దాన్ని పదింతలు చేసేవాడు, ఒంటరిగా నిలిస్తే మాత్రం తండ్రి సంతకం తెమ్మనేవాడు, ఆద్యంతరహితుడు, వర్తులాకారుడు, ఎర్రసిరా ప్రియుడు అయిన సున్నాదేవరకు ముందుగా నమస్కరించి ఈ ప్రబంధం మొదలుపెడుతున్నాను. ఇందులో నాయకుడు పురికొసతో కట్టిన అరవై నాలుగు జవాబు పత్రాల కట్ట. నాయిక రెండు నిలువు గడుల పట్టిక. వీరిద్దరి వివాహం ఒక శనివారం మధ్యాహ్నం, పదో తరగతి గదిలో, నల్లబల్ల సాక్షిగా జరిగింది. పురోహితుణ్ణి నేనే.

పూర్వకవి స్తుతి లేనిదే ప్రబంధం గడప దాటదు. సంచిత పౌనఃపున్యాల వంపుగీతకు 1875లో ఓజివ్ అని పేరుపెట్టిన గాల్టన్ దొరకు ఒక దండం. భుజం భుజం ఆనించి నిలబడే కమ్మీల బొమ్మకు హిస్టోగ్రామ్ అని నామకరణం చేసిన కార్ల్ పియర్సన్ పండితుడికి మరో దండం. మన పాఠ్యపుస్తకం దాన్ని సోపాన చిత్రం అంటుంది. నాకు ఆ మాటే బాగుంది, ఎక్కాలనిపిస్తుంది. 1917 ప్రాంతంలో ఆచార్య బ్రజేంద్రనాథ్ శీల్ అడిగితే కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను ముందేసుకుని లెక్కలు కట్టిన ఫిజిక్సు మాస్టారు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు సాష్టాంగం. ఈ దేశంలో సాంఖ్యక శాస్త్రం అంత మానయిందంటే, దాని తొలి విత్తనాల్లో ఒకటి పిల్లల మార్కులే. ఆయన 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరిన మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు నూరేళ్లు దాటి బతికి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతికి ఎంపికై, ఆ ఏడే కన్నుమూశారు. వారికి దండం పెట్టడానికి నా చెయ్యి కొంచెం వణుకుతోంది. ఎందుకో తర్వాత తెలుస్తుంది. కుకవి నింద కూడా ఉంది గానీ దాన్ని చివరికి అట్టిపెడతాను.

ఇక పురవర్ణన. పేరులోనే అంగళ్లున్న ఊరు అంగళ్లు. మదనపల్లె నుంచి కదిరి దారి పట్టిన బస్సు ఇక్కడ ఆగి కొందరిని దింపుతుంది, అంతకంటే ఎక్కువమందిని మింగుతుంది. 1998లో మిట్స్ ఇంజనీరింగ్ కళాశాల వెలిసినప్పటి నుంచి ఈ ఊరి టీ కొట్ల దగ్గర కాలిక్యులస్, ఇంటర్నల్స్, బ్యాక్‌లాగ్ అనే మాటలు గ్లాసుల చప్పుడుతో కలిసి వినిపిస్తాయి. ఒకవైపు సెమిస్టర్లు, ఒకవైపు టమోటా మండీలు. రెండింటిలోనూ గ్రేడింగే గ్రేడింగు. పడమటి గాలికి ఒక పక్క పండిన టమోటా వాసన, ఇంకో పక్క జిరాక్సు కాగితం వేడి. ఇటు పోతే హార్సిలీ కొండ. 1870 ప్రాంతంలో డబ్ల్యూ.డి. హార్సిలీ అనే కడప కలెక్టరు అక్కడ ఇల్లు కట్టుకుని తన పేరు అతికించుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. అటు పోతే మదనపల్లె. 1915లో అనిబిసెంట్ కాలేజీ పెట్టిందీ, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసిందీ ఆ ఊళ్లోనే. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చడం హింస అని జీవితమంతా చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిందీ అక్కడే. అట్లాంటి మహానుభావుడి జన్మస్థలానికి బస్సులో అరగంట కూడా పట్టని చోట కూర్చుని నేను అరవై నలుగురు పిల్లల్ని ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి కొలుస్తున్నాను. ఆయన క్షమించుగాక.

మా బడి పేరు ఎత్తను. ఒక మేడ, రెండు వేపచెట్లు, ఒక కరస్పాండెంటు. అంతవరకు చాలు.

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలుండాలంటారు. సముద్రవర్ణన నా వల్ల కాదు. అంగళ్లుకు దగ్గర్లో సముద్రమే లేదు, వానాకాలంలో ఆటస్థలంలో నిలిచే నీళ్లను సముద్రమంటే పిల్లలే ఒప్పుకోరు. చంద్రోదయం ఉంది: పేపర్లు దిద్దుతుండగా కరెంటు పోయి, నలభై ఏడో పేపరు వెన్నెల్లో దిద్దాను. మధుపానం టీ. విరహం అంటే, ఆ మూడు రాత్రులూ నా భార్యకూ నాకూ మధ్య ఈ కట్ట ఉండింది. మిగిలిన వర్ణనలు పాఠకులు తామే ఊహించుకుంటే కాగితం కలిసొస్తుంది.

కాబట్టి నేరుగా నాయకుడి దగ్గరికి. అరవై నాలుగు! కళలెన్నో అంతమంది. ఒక్కొక్కరు ఒక్కో కళలో నిష్ణాతులు: సమాధానం సగంలో ఆపి మిగిలినది దేవుడికి వదిలేసే కళ, తెలియని చోట అక్షరాలు అలికేసే కళ, ప్రశ్ననే జవాబుగా తిరిగి రాసే కళ. ఈ అంకెకు ఇంకో మహిమ ఉంది. ఎన్ని రాశులకు ఎన్ని తరగతులు కట్టాలో 1926లో స్టర్జెస్ అనే ఆయన ఒక సూత్రం చెప్పాడు. రెండును ఎన్నిసార్లు హెచ్చవేస్తే మీ రాశుల సంఖ్య వస్తుందో చూసి, దానికి ఒకటి కలపమన్నాడు. రెండును ఆరుసార్లు వేస్తే అరవై నాలుగు. ఒకటి కలిపితే ఏడు తరగతులు చాలు. నేను పది కట్టాను. పదులైతే పిల్లలకు తేలిక, పైగా 2012 నుంచి కొన్నేళ్లు మన బోర్డు ఇచ్చిన ఎ1, ఎ2 గ్రేడుల అలవాటు నా చేతివేళ్లకు ఇంకా వదల్లేదు. 91 నుంచి 100, 81 నుంచి 90, అట్లా దిగిరావడం. ఆ గ్రేడుల మెట్లలో కిందివైపు ఒక మెట్టు మాత్రం పదుల వరసలో లేదు. అది అప్పుడు నా కంటికి ఆనలేదు.

తరగతిలో తరగతులు కట్టడం మన భాషకే దక్కిన శ్లేష. కూర్చున్నదీ తరగతే, 31–40 అన్నదీ తరగతే. ఇంకో అదృష్టం పౌనఃపున్యం. పునః పునః వచ్చేది గనుక పౌనఃపున్యం. ఆ మాట మధ్యలోని విసర్గను సాఫీగా దాటిన విద్యార్థిని ఇరవై ఏళ్లలో ఇంతవరకు చూడలేదు. కొందరు పౌనపుణ్యం అంటారు. వెనకబెంచీలో ఒకడు ఏకంగా పావుపుణ్యం అంటాడు. దిద్ది దిద్ది అలిసిపోయి వదిలేశాను. వాడు సర్వజ్ఞుడని అప్పటికి తెలియదు.

శనివారం మధ్యాహ్నం వ్యూహరచన జరిగింది. నల్లబల్ల మీద ఎడమవైపు పది కోటలు: 1–10, 11–20, అట్లా 91–100 దాకా. ఒక పిల్లవాడు పేపర్లు తిప్పుతూ అంకె అరుస్తాడు. ఒక పిల్ల సుద్దముక్కతో కోటలో గీత గీస్తుంది. "నలభై మూడు!" అన్న కేకకు ఒక వీరుడు పరుగున వచ్చి 41–50 కోటలో నిటారుగా నిలబడ్డాడు. "డెబ్బై ఎనిమిది!" మరొకడు పై అంతస్తుకు. "నాలుగు!" అన్నప్పుడు గదంతా నిశ్శబ్దం, ఆ వీరుడు తలవంచుకుని అట్టడుగు కోటకు నడిచాడు. నలుగురు అన్నదమ్ములు నిలబడగానే ఐదోవాడు వస్తాడు చూడండి, వాడిది వేరే దర్జా. నిలబడడు. నలుగురి భుజాల మీదుగా ఏటవాలుగా పడుకుంటాడు. ఒక మోపు కట్టు పూర్తి. వీటిని గణన చిహ్నాలని పుస్తకం అంటుంది. మా అవ్వ పుస్తకం చదవలేదు, పాల లెక్కను గోడ మీద బొగ్గుతో ఇట్లాగే గీసేది. నెలాఖరున పాలామె ఆ గోడ ముందు నిలబడి మోపులు లెక్కపెట్టుకుని డబ్బులు తీసుకుపోయేది. ఆ గోడతో ఎవ్వరూ వాదించేవాళ్లు కాదు.

ధూళి అణిగాక యుద్ధభూమి ఇట్లా తేలింది. కిందినుంచి పైకి: ముగ్గురు, ఐదుగురు, తొమ్మండుగురు, పదిహేడుగురు, ఎనిమిది, ఆరు, నాలుగు, ఐదు, ఐదు, చిట్టచివర తొంభై పైన ఇద్దరు. మొత్తం అరవై నాలుగు. ఒక్కడూ తప్పిపోలేదు. ఈ చివరి కూడికను చిన్నచూపు చూడొద్దు. మొత్తం సరిపోని పట్టిక కాళ్లు విరిగిన కుర్చీ.

సోపాన చిత్రం గీయగానే రెండు కొండలు లేచాయి. 31–40 దగ్గర పెద్దది, ఏనుగు మల్లమ్మ కొండంత. 61–70 దగ్గర లోయ. మళ్లీ డెబ్బై దాటాక ఒక గుట్ట. ఒక్కటే అనుకున్న తరగతిలో నిజానికి రెండు ఊళ్లున్నాయి. గుట్ట మీద ఊరి పది మందికీ మదనపల్లెలో ఇంకో ట్యూషన్ ఉందని నాకు తెలుసు. కొండ కింది ఊరి వాళ్లలో సగం మందికి సీజనులో పొద్దున్నే కాయ కోసే పని ఉందనీ తెలుసు. పట్టిక ఆ కారణాలేవీ చెప్పదు. ఎక్కడ గుమికూడారో చూపించి ఊరుకుంటుంది, మిగతాది చూసేవాడి సంగతి.

అంతలో కరస్పాండెంటుగారి ఆగమనం. గుమ్మంలో నిలబడి, చొక్కా జేబులో ఫోను తడుముకుంటూ, సభా మధ్యంలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఇదంతా ఎందుకు సార్, యావరేజ్ ఎంతో చెప్పండి."

ప్రతి కోట మధ్యబిందువునూ దాని పౌనఃపున్యంతో హెచ్చవేసి, కూడి, అరవై నాలుగుతో భాగించాం. 45. "ఫర్వాలేదే" అని వెళ్లిపోయారు. సగటు మహారాజు సింహాసనం మీద కూర్చున్నాడు. ఆ మహారాజును పోలిన ప్రజ ఎవరా అని కట్టంతా వెతికితే సరిగ్గా 45 తెచ్చుకున్న ప్రాణి ఒక్కటీ లేదు. మధ్యగతం కట్టాం. అది 39.3. సగం సైన్యం నలభైకి దిగువనే ఉందన్నమాట. రాజు 45 అంటాడు, మధ్యలో నిలబడ్డవాడు 39 అంటాడు. పైన ఉన్న ఆ పన్నెండుమంది డెబ్బైలూ ఎనభైలూ తొంభైలూ సగటును జుట్టుపట్టి పైకి లాగారు.

ఇక బాహుళకం. ఎక్కువసార్లు వచ్చే విలువ. ఇక్కడినుంచి కథ అడ్డం తిరిగింది.

పెద్ద కోట దిగువ హద్దు 30.5. అందులోని 17 లోంచి కింది కోట 9 తీసేస్తే 8. కిందిపక్క తేడా 8, పైపక్క తేడా 9, రెండూ కలిపితే 17. ఎనిమిదిని పదిహేడుతో భాగించి, తరగతి పొడవు పదితో హెచ్చవేస్తే 4.7. హద్దుకు కలిపితే 35.2.

సుద్దముక్క నా చేతిలో ఆగిపోయింది. ముప్పై ఐదు! పాసు మార్కు ముప్పై ఐదని ఈ సూత్రానికి ఎవరు చెప్పారు? దానికి తెలిసినవి మూడే అంకెలు: 9, 17, 8. కొంత కాకతాళీయం ఉందని ఒప్పుకుంటాను. పక్క కోటల్లో ఒకరిద్దరు అటూ ఇటూ అయితే ఆ బాణం ఇంకో చోట గుచ్చుకునేది. కానీ గుచ్చుకున్నది అక్కడే. నాకు చెమట పట్టింది. ఎందుకు పట్టిందో గదిలో ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

మూడో బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఒగ మాట అడిగేదా?"

"అడుగు పాపా."

"మా నాయన మండీలో కాయ గ్రేడింగు చేస్తాడు సార్. పెద్దకాయ ఒగ పెట్టె, నడిమికాయ ఒగ పెట్టె. మోసం యాడ జరుగుతాదో తెల్సునా సార్? రెండిటికీ మద్దెన గీత ఉంటాది కదా, ఆ గీత కాడ. నడిమికాయను ఎత్తి పెద్దకాయలో యేస్తారు. పెద్దకాయను ఎత్తి యెవురూ నడిమికాయలో యెయ్యరు."

"అయితే?"

"మనకు గీత 35 కదా సార్. మీరు 31 నుంచి 40 దాకా ఒగే పెట్టెలో పోసినారు. గీత పెట్టె లోపల పడిపాయ. యెట్లా కనపడతాది?"

ద్రోణుడి ముందు నిలబడిన ఏకలవ్యుణ్ణి కవులు ఎందరో వర్ణించారు. బొటనవేలు పోయేది ద్రోణుడిదే అయితే ఎట్లా ఉంటుందో ఎవరూ రాసినట్లు లేదు. నాకు అప్పుడు పాత గ్రేడుల మెట్లు గుర్తొచ్చాయి. బోర్డువాళ్లు పదులు పదులుగా దిగుతూ వచ్చి చివర్లో మాత్రం 35–40కి డి అని, 34 నుంచి కిందికి ఇ అని విడగొట్టారు. గోడ కట్టాల్సిన చోటే కట్టారు. ఆ గోడను కూల్చి నునుపుగా అలికినవాణ్ణి నేను.

"ఐదేసి చొప్పున కట్టు పాపా" అన్నాను. గొంతు ఎందుకో బొంగురుపోయింది.

రెండో పట్టిక లేచింది. పాత కోటలు కూలి, వాటి స్థానంలో ఇరుకు గదులు. 25–29లో ఆరుగురు. 30–34లో ఒక్కడు, 31 తెచ్చుకున్న ఒంటరివాడు. 35–39లో పదిహేనుమంది! ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు అనే మూడు ఇళ్లకు తాళాలు. దీపం లేదు, కుక్క అరుపు లేదు. గడప అవతల ముప్పై ఐదు అనే ఒక్క ఇంట్లో పన్నెండుమంది కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఏ ఊరి జనాభా లెక్కలైనా ఇట్లా ఉంటే తహసీల్దారు జీపేసుకుని వచ్చేవాడు.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇక దాచేదేముంది. పన్నెండుమందిలో సొంత కాళ్ల మీద 35కు నడిచివచ్చినవాళ్లు ముగ్గురు. మిగిలిన తొమ్మండుగురిని ఎర్రసిరా పల్లకీలో మోసుకొచ్చింది నేను. 34 దగ్గర ఆగిపోయినవాళ్లు ముగ్గురికి ఒక్కో మార్కు, 33 వాళ్లు నలుగురికి రెండేసి, 32 వాళ్లు ఇద్దరికి మూడేసి. ఒకడు గ్రాఫు మీద స్కేలు రాసినందుకు అర, ఒకడు దత్తాంశం అన్న మాట తప్పు లేకుండా రాసినందుకు ఒకటి. ఇంకొకడు ఏమీ చేయలేదు. వాళ్ల నాయన ఎండలో సైకిలు మీద ఫీజు కట్టడానికి రావడం నేను చూశాను, అంతే. వెన్నెల్లో దిద్దిన నలభై ఏడో పేపరు వాడిదే. 3 మీద 5 దిద్దితే ఆ వంపు ఎంత సులువుగా కలిసిపోతుందో దిద్దినవాళ్లకే తెలుసు. మొత్తం దానం పదిహేడు మార్కులు. అరవై నలుగురికి పంచితే తలకు పావు మార్కు. పావుపుణ్యం!

ఇది నా ఒక్కడి పాపం కాదని చెప్పుకోవడానికి లోకంలో తోడు వెతికాను, దొరికింది. పోలండ్‌లో బడి చదువు చివర మతూరా అనే పరీక్ష ఉంది, పాసు 30 శాతం. అక్కడి మాతృభాష పరీక్ష మార్కుల చిత్రం చూస్తే 30కి ముందు గుంత, సరిగ్గా 30 దగ్గర ధ్వజస్తంభం. న్యూయార్కులో రీజెంట్స్ పరీక్షకు 65 గీతైతే, అక్కడా 65 దగ్గర ఇదే గుంపు కనిపించింది. అసలు 1888లోనే ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థిక శాస్త్రవేత్త పరీక్షా మార్కుల్లో అదృష్టం పాలెంత, దిద్దేవాడి చేతి తేడా ఎంత అని లెక్కకట్టి పెద్ద వ్యాసమే రాశాడు. ఆయనకూ దండం పెట్టి ఉండాల్సింది, పీఠికలో మరిచాను. లోకంలోని మాస్టర్లందరం ఒక్కచోటే తడబడుతున్నాం. 90 దగ్గర దయ చూపేవాడు లేడు, 12 దగ్గర చూపేవాడూ లేడు. మన దయకంతా ఒకటే చిరునామా.

కుకవి నింద బాకీ ఉంది కదా. పదాలను గణాల్లోకి బలవంతంగా కుక్కేవాణ్ణి కుకవి అన్నారు పెద్దలు. పిల్లల్ని గదుల్లోకి కుక్కి, పైన వెడల్పు తరగతి దుప్పటి కప్పి, ఎంత నున్నని కొండో చూశారా అని చూపించేవాణ్ణి కూడా ఆ జాబితాలో చేర్చవచ్చు. నింద పూర్తయింది.

పట్టిక మీద నాకు కోపం వచ్చిన మాట నిజం. పిల్లలకు పెట్టిన పరీక్షలో నన్ను పట్టుకుంది. అయినా దాని నిజాయితీ చూడండి. మొదటి పట్టికా అబద్ధం ఆడలేదు, రెండోదీ ఆడలేదు. రెండింటిలోనూ అవే అరవై నాలుగు గీతలు. వెడల్పు మారింది, అంతే. పది వెడల్పు పట్టికలో ఆ తొమ్మండుగురిని వెనక్కి పంపినా ఒక్క గీత కూడా కదలదు. సగటు అదే 45, మధ్యగతం అదే 39.3, బాహుళకం అదే 35.2. కరస్పాండెంటుగారు వందసార్లు వచ్చి అడిగినా అదే జవాబు, అదే ఫర్వాలేదే.

మూడో బెంచీ పిల్ల ఇంకా నిలబడే ఉంది. వెనకబెంచీలో పావుపుణ్యం గాడు లేచాడు. లేవకుండా ఉంటే బాగుండునని నేను మొక్కుకున్న తొమ్మండుగురిలో వాడొకడు.

"సార్, నాది నిజ్జంగా ఎంత?"

"ముప్పై మూడు."

వాడు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"పోయినసారి పంతొమ్మిది సార్ నాకు" అన్నాడు. "పద్నాలుగు పెరిగినాయి."

నేను 35 వేసినప్పుడు ఈ పద్నాలుగు నాకు కనబడలేదు. నేను కొలిచింది వాడినుంచి గీతకు ఎంత దూరమో. వాడు కొలుచుకుంది వాడినుంచి వాడికి.

"సార్, నా గీతను నేనే తీసుకుంటా" అని నల్లబల్ల దగ్గరికి వచ్చాడు. 35–39 గదిలో ఒక మోపు విప్పి, ఒక గీతను బొటనవేలితో చెరిపి, 30–34 గదిలో ఆ ఒంటరివాడి పక్కన నిలబెట్టాడు. తర్వాత ఇంకొకడు లేచాడు. తర్వాత ఒక పిల్ల, తల దించుకుని. పేర్లు నేను చెప్పలేదు, వాళ్లకే తెలిసినట్లుంది. ఎవరి జవాబుల మీద ఎంత ఆశ పెట్టుకున్నారో ఎవరికి వారికి తెలియదా? ఇద్దరు కదల్లేదు. వాళ్ల గీతలను నేను మార్చాను, ఎవరివో చెప్పకుండా. నా ఎర్రపెన్ను బల్ల మీద ఉండిపోయింది, సుద్దతోనే పని జరిగింది.

చివరికి పై గదిలో ఆరు మిగిలాయి: ఒక మోపు, పక్కన ఒక్క గీత. కింది గదిలో పది చేరాయి. సరిగ్గా రెండు మోపులు, ఒక్కటీ ఎక్కువ తక్కువ లేకుండా. 31 తెచ్చుకున్నవాడు మొదటి మోపులో మొదటి గీత. ఇంతసేపూ ఒంటరిగా ఉన్నవాడు, ఇప్పుడు చుట్టూ చూసుకుని పక్కవాడికి జరిగి చోటిచ్చాడు.

గంట కొట్టారు. కరస్పాండెంటుగారి గదికి ఐదేసి వెడల్పు పట్టిక పట్టుకుని బయలుదేరాను. పాసైనవాళ్లు నలభై ఆరు కాదు, ముప్పై ఏడు అని ఆయనకు ఎట్లా చెప్పాలో మెట్లు దిగుతూ ఆలోచిస్తున్నాను. వెనకనుంచి మూడో బెంచీ పిల్ల అరిచింది.

"సార్, మొత్తం కూడినారా? అరవై నాలుగు రావల్ల!"

మెట్ల మీదే నిలబడి మళ్లీ కూడాను.